మూడు చీటీలు, ఒకే పేరు

దేవుడి పటం ముందు పెట్టిన మూడు చీటీల మీదా ఒకే పేరు రాసిన మూర్ఖుణ్ణి నేను.

ఆదోనిలో ముప్పై ఎనిమిదేళ్ళు బోర్డులు రాశాను. అక్షరాలా అక్షరాల మీదే బతికాను. తప్పులు చేయలేదని కాదు. ఒకసారి ఒక పత్తి మిల్లు గేటు మీద ‘అనుమతి లేనిదే లోపలికి రావద్దు’ అని రాయమంటే, ‘లోపలికి రా’ దాకా రాసి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మూడు మేకలూ ఒక బిచ్చగాడూ లోపలే ఉన్నారు. అలాంటి తప్పుల్ని తడి గుడ్డతో తుడిచెయ్యొచ్చు. చీటీల తప్పు ఆరేళ్ళు నా మీదే ఆరిపోయి, గట్టిపడి కూర్చుంది. చివరి తొమ్మిది రోజులు అది నాకు అన్నం సహించనివ్వలేదు.

ఈమధ్య కంప్యూటర్ మీద బోర్డులు చేసే పిల్లలు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తున్నారు. “తాతా, గిరాకీలు అంగడికి పేరు కూడా మమ్మల్నే చెప్పమంటాండారు, ఎట్ల చెప్పల్ల?” అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని బోర్డులు రాశానో, ఎవరు శాలువా కప్పారో రాయను. శాలువాలు రెండున్నాయి, రెండూ చలికి ఆగవు.

నా పేరు రంగన్న, పని రంగులు. అందరూ నవ్వుతారు గానీ ఈ పేరు భయంలోంచి వచ్చింది. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. మూడోవాడైనా నిలవాలని మా అమ్మ రంగస్వామికి మొక్కుకుని, నేను పుట్టకముందే ఆయన పేరు నాకు తగిలించింది. నేను నిలిచాను. పేరుకూ భయానికీ ఉన్న బంధుత్వం నాకు పుట్టుకతోనే తెలిసి ఉండాల్సింది.

ఉస్తాద్ అడగమన్న ప్రశ్న

నాకు కుంచె పట్టడం నేర్పింది ఖాదర్ ఉస్తాద్. కోపిష్టి. గీత వంకర పోతే కుంచె వెనక వైపుతో వేళ్ళ మీద కొట్టేవాడు. ఒకరోజు కిరాణా అంగడి పెట్టుకునే మనిషి వస్తే, “పేరేం పెడ్తావన్నా?” అని అడిగాను. ఆయన తల గోక్కుని, రేపొస్తానని వెళ్ళిపోయాడు. రేపు రాలేదు.

“పేరేందని అడుగుతావేందిరా?” అన్నాడు ఉస్తాద్. “పేరు తెలిస్తే మన కాడికి ఎందుకొస్తాడు? నీకు దేనికి భయమని అడుగు. అది తెలిస్తే పేరు దానంతటదే వస్తాది.”

తమాషాకి అన్నాడనుకున్నాను. కానీ పదేళ్ళు బోర్డులు రాశాక, బజారులో నడుస్తుంటే నాకు పేర్లు కాదు, వాటి వెనక భయాలే కనబడేవి. ‘న్యూ’ అని మొదలయ్యే ప్రతి అంగడికీ పక్క వీధిలో, విడిపోయి మాటలు మానేసిన అన్న ఒకడు ఉంటాడు. ‘ఒరిజినల్’ అని రాయించుకున్నవాడు ఎదురు అంగడి వైపు చూస్తూ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. ఇంగ్లీషు పేరు పెట్టిన టైలరు తనను పల్లెటూరివాడని ఎవరైనా అంటారేమోనని వణుకుతుంటాడు. ముగ్గురు దేవుళ్ళ పేర్లు వరసగా రాయించిన హోటలాయన నాలుగో దేవుడికి కోపం వస్తుందేమోనని మళ్ళీ వచ్చాడు. బోర్డులో చోటు లేదంటే, “సిన్నగన్నా రాయప్పా, ఆయన సర్దుకుంటాడు” అన్నాడు.

బావా బామ్మర్దులు ఇద్దరు కలిసి బట్టల అంగడి పెట్టారు. పేరులో ఇద్దరూ ఉండాలి. ముందు ఎవరి పేరు? నా ముందే గంటసేపు “నీదే ముందు పెట్టు బావా”, “లేదు లేదు, నీదే” అని మర్యాదలు చేసుకున్నారు. అంత మర్యాద చూస్తే నాకే భయమేసింది. చివరికి ఎవరూ ముందు కాకుండా బోర్డు గుండ్రంగా చేసి, చుట్టూ రాయమన్నారు. రాశాను. ఎవరు ఎటునుంచి వస్తే అటునుంచి చదివేవాళ్ళు. రెండేళ్ళకు విడిపోయారు. పంచాయితీలో బోర్డు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇప్పుడది నా పెరట్లో నీళ్ళ తొట్టి మీద మూతగా ఉంది.

నేను అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఒకరంటే ఒకరికి అంత భయమున్నప్పుడు బోర్డు కాదు, వ్యాపారమే వద్దని చెప్పాలి. రంగు కొనేశాను గనక నోరు మూసుకున్నాను. మన వృత్తిలో ఎక్కువ తప్పులు ఇలాగే, డబ్బా మూత తీసేశాక జరుగుతాయి.

గీకినా పోని అక్షరాలు

ఎమ్మిగనూరులో ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. పెళ్ళిళ్ళలో మనుషులు ఏడ్చే క్షణాన్ని పట్టుకోవడంలో మొనగాడు. స్టూడియోకి తన నాలుగేళ్ళ కూతురి పేరు పెట్టుకున్నాడు. బోర్డు ఎత్తిన మూడో రోజే పరుగున ఆదోనికి వచ్చాడు.

“అన్నా, పాపకు జొరం. దించేయన్నా. దిష్టి తగిలింది. నేనే నా బిడ్డను బజార్లో నిలబెట్టినా.”

నాకు నవ్వు రాలేదు. తండ్రి మొహంలో ఆ భయం చూసినవాడెవడూ నవ్వడు. అతనితో వెళ్ళి థిన్నర్‌తో తుడిచాను, బ్లేడుతో గీకాను. కానీ ఎనామిల్ రంగు రేకును అంత తేలిగ్గా వదలదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే పాప పేరు నీడలా తేలేది. అతను దాన్ని చూసి ఇంకా బెదిరిపోయాడు. చివరికి బోర్డంతా నల్లరంగు పూసి వచ్చేశాను. పాపకు నాలుగు రోజుల్లో తగ్గింది. అతను మాత్రం మళ్ళీ ఏ పేరూ రాయించలేదు. జనం ‘నల్లబోర్డు స్టూడియో’ అన్నారు. పేరు లేకుండానే పేరు తెచ్చుకున్నాడు.

కన్నబిడ్డ పేరు పెడతామని ఎవరైనా వస్తే నేను వద్దని అనలేదు, సరేనని కూడా అనలేదు. “పాపకు జ్వరమొస్తే బోర్డు దించమంటావా?” అని ముందే అడిగేవాణ్ణి. సగం మంది వేరే పేరు చెప్పేవాళ్ళు.

మంచె

ఇక ఈరమ్మ సంగతి.

ఈరమ్మది గోనెగండ్ల పక్క పల్లె. వానల్లేని ఏడాది ఆ పల్లెల్లో సగం మంది సుగ్గికి పోతారు. అంటే ఇంటికి తాళం వేసి, గిన్నెలూ గంపలూ లారీకెత్తి, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోవడం. ఈరమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ పోయింది. మొగుడు పోయాక, ఇంక లారీ ఎక్కనని ఎమ్మిగనూరులో చిన్న రేకుల గది తీసుకుని జొన్న రొట్టెలు మొదలుపెట్టింది. చేత్తో తట్టి, పెనం మీద కాల్చి, పొయ్యి చుట్టూ నిలబెట్టి ఎండబెట్టిన కరకర రొట్టెలు. నెలరోజులైనా చెడవు.

బోర్డు కోసం వచ్చినప్పుడు ఉస్తాద్ ప్రశ్న అడిగాను.

“నీకు దేనికి భయం ఈరమ్మా?”

“లారీకి,” అంది వెంటనే.

తర్వాత రెండు పేర్లు చెప్పింది. ఒకటి మా వైపు దేవుడు ఈరన్నస్వామి పేరు. అది అప్పటికే ఆ వీధిలోనే నాలుగు అంగళ్ళకు ఉంది. రెండోది తన పేరే. కానీ, “నా పేరు గోడకెక్కితే కండ్లు పడ్తాయన్నా” అని తనే వెనకాడింది. మాటల్లో మాటగా, చిన్నప్పుడు జొన్న చేలో మంచె మీద కూర్చుని, వడిసెలలో రాయి పెట్టి తిప్పి పిట్టల్ని తోలేదాన్నని చెప్పింది. వాళ్ళ నాయన పొద్దున ఎక్కిస్తే సాయంత్రం దించేవాడట. “ఆడ కూసుంటే నాకు ఏ భయమూ ఉండేది కాదన్నా. పిట్టలే నాకు భయపడేవి.”

అదిగో, అక్కడ నా కుంచె నిలవలేదు. “మంచె అని పెట్టు” అన్నాను. ఎంత మంచి పేరు! రెండే అక్షరాలు, రెంటికీ నిండైన గుండ్రనాలు, పైగా నా కుంచెకు ప్రాస. ఆమె సరేననలేదు. మూడు పేర్లూ చీటీలు వేసి, ప్రారంభం రోజు స్వామి పటం ముందు తీద్దామంది.

మా వైపు ఇది మామూలే. పసుపు పూసిన చీటీలు జొన్నలు పోసిన పళ్ళెంలో పెడతారు. అంగడి వాళ్ళే ఒకటి తీస్తారు. మిగతావి తెరవకుండా తుంగభద్ర కాలవలో వదిలేస్తారు. స్వామి వద్దన్న పేర్లు మనం చదవకూడదని. ఈ పద్ధతితో బోర్డు రాసేవాడికి పెద్ద ఇబ్బంది ఉంది. చీటీ తీసేది ప్రారంభం రోజు పొద్దున, బోర్డు ఎత్తేది గంట తర్వాత. ఎనామిల్ ఆరడానికి ఒక రోజు కావాలి. తెలివైనవాళ్ళు అలాంటప్పుడు పేరు చోటు ఖాళీగా ఉంచి, చీటీ తీశాక నీళ్ళ రంగుతో రాసి, నాలుగు రోజుల తర్వాత అసలు రంగు వేస్తారు. ఉస్తాద్ అలాగే చేసేవాడు.

నేను ఆగలేకపోయాను. మూడు రోజుల ముందే రేకు మీద ‘మంచె’ అని రాసేశాను. ఎర్రటి అక్షరాలు, పసుపు అంచు, పక్కన నాలుగు గుంజల మీద మంచె, దాని మీద వడిసెల పట్టుకున్న చిన్న పాప. నా జీవితంలో అంత బాగా మరేదీ రాయలేదు. మూలన సంతకం పెట్టి తేదీ వేశాను. అప్పుడు గుర్తొచ్చాయి చీటీలు. వాటిని రాసే పని కూడా ఆమె నాకే అప్పగించింది.

మూడింటి మీదా మంచె అనే రాశాను.

“మిగతావి తెరిచి సూడద్దు ఈరమ్మా, దోషం” అని రెండుసార్లు చెప్పాను కూడా. ఆమె కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. నేను చదివాను. “స్వామి ఇచ్చినాడు” అని ఆడవాళ్ళందరూ దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, వేరే కారణానికి.

ఇంకో తెలివితక్కువ పని కూడా అప్పుడే చేశాను. “పేరు యాడన్నా రిజిస్టర్ సేయించల్లనా అన్నా?” అని ఆమె అడిగితే, “నేను రేకు మీద రాసినాక ఇంకేం రిజిస్టరమ్మా?” అన్నాను గొప్పగా.

మర్యాదగా మాట్లాడిన మనిషి

ఆరేళ్ళలో రేకుల గది రెండు గదులయింది. పదకొండు మంది ఆడవాళ్ళు పొయ్యిల ముందు కూర్చుంటున్నారు. వాళ్ళెవరూ లారీ ఎక్కడం లేదు. మంచె రొట్టెల కవర్లు బళ్ళారి దాకా పోతున్నాయి. నేను చేయి వణుకు మొదలై పని మానేశాను. వారానికొకసారి ఎమ్మిగనూరు బస్సెక్కి, ఆమె గుమ్మం దగ్గర కూర్చుని, రొట్టె నముల్తూ నా బోర్డు చూసుకునేవాణ్ణి. మూడేళ్ళ కిందట ఆమె దాని మీద ఫ్లెక్సు కొట్టించింది. ఆ కోపంతో ఆరు నెలలు ఆ వీధికి పోలేదు. తర్వాత రొట్టెల కోసం రాజీపడ్డాను.

ఒక ఉదయం నేను అక్కడ ఉండగానే ఒకతను వచ్చాడు. ఆదోనిలో పేర్లు రిజిస్టర్ చేయించే ఏజెంటు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, వెనక ఇద్దరు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. అరిచే మనిషైతే మనమూ అరవొచ్చు. ఇతను చాలా మర్యాదగా మాట్లాడాడు.

“అమ్మా, మంచె అనే పేరు మీది కాదు. మా కంపెనీ పేరున ఉంది. ఇదిగో నంబరు. పదిహేను రోజుల్లో బోర్డూ కవర్లూ తీసేయాలి. లేకపోతే సరుకు సీజ్ చేస్తారు, కేసు మీ మీద పడుతుంది. ఈ వయసులో కోర్టులెందుకు మీకు?”

ఈరమ్మ పిండి చేతులతో అలాగే నిలబడింది. వెనక ఉన్నవాళ్ళలో ఒకడు పొయ్యిలు ఫోటో తీస్తున్నాడు. ఇంకొకడు ఆడవాళ్ళను వేలుతో లెక్కపెడుతున్నాడు. పొయ్యిల దగ్గర తట్టే చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది.

“ఇంకో దారి ఉందమ్మా,” అన్నాడు అతను, ఇంకా మెత్తగా. “రొట్టెలు మీరే చేయండి, మా కంపెనీకి చేయండి. కూలి ఇస్తాం. పేరు మాది, పని మీది. సంతకం పెడితే చాలు.”

కాగితం జొన్నల మూట మీద పెట్టి, నాకు కూడా నమస్కారం చేసి వెళ్ళాడు.

పొయ్యి దగ్గరున్న ఒక ముసలామె, “ఇంగ లారీనే” అంది పొయ్యిలోకి చూస్తూ.

“పేరు మార్చేద్దాం ఈరమ్మా,” అన్నాను. “ఇంగో పేరు రాసిస్తా. సెయ్యి వణికినా సరే, నేనే రాసిస్తా.”

“మార్సేదానికి అది నా పేరా అన్నా? స్వామి ఇచ్చింది. నీ ముందరే గదా తీసినా.”

“స్వామి ఇచ్చింది మారిస్తే ఊరికే పోతాదా?” అన్నారు మిగతావాళ్ళు.

నోట్లో రొట్టె ముక్క అటూ ఇటూ కదల్లేదు. ఆ పేరు స్వామి ఇవ్వలేదు, నేనిచ్చాను. ఆ ముక్క చెబితే ఆమె పేరు వదులుకుని కేసు నుంచి బయటపడొచ్చు. చెప్పకపోతే, దేవుడు అనని మాట కోసం కోర్టుకెక్కి ఉన్నది పోగొట్టుకుంటుంది. చెప్పాలి. కానీ చెప్పాక ఈ పదకొండు మంది నా మొహం ఎలా చూస్తారు? ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కవేసుకున్నాను. ఏజెంటంటే భయం, స్వామంటే భయం, ఈరమ్మంటే భయం. నాకిప్పుడు మూడు చీటీలు. ఏది తీసినా ఈరమ్మ పేరే వస్తోంది.

చీలిన అంచులు

తర్వాత తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు ఎమ్మిగనూరు వెళ్ళాను. ప్రతిసారీ చెబుదామని గుమ్మంలో కూర్చుని, చెప్పలేక రొట్టెలు కొనుక్కుని వచ్చేవాణ్ణి. ఇంట్లో రొట్టెలు మోకాలెత్తు పేరుకున్నాయి. ఒక్కటి తెలిసొచ్చింది: ఆ రొట్టెల అంచులన్నీ చీలి ఉన్నాయి. ఈ ఏడు జొన్న మంచిది కాదేమో అనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆడవాళ్ళు అన్నాలకు పోయినప్పుడు, ఆమె ఒక్కతే పొయ్యి దగ్గర ఉంది.

“ఈరమ్మా, ఆ పేరు స్వామి ఇయ్యలేదు,” అన్నాను. “మూడు చీటీల్లోనూ నేను అదే రాసినా. బోర్డు ముందే రాసేసుకున్నా.”

ఆమె రొట్టె తిప్పింది. ఇంకొకటి తిప్పింది. తర్వాత లేచి, స్వామి పటం వెనక చేయి పెట్టి రెండు చీటీలు తీసింది. పసుపు వెలిసిపోయి తెల్లబడ్డాయి. నా చేతిలో పెట్టింది.

“కాలవలో ఎయ్యలేదా?”

“ఏసేదానికే పోయినా. తెరిసి సూడద్దు, సూడద్దు అని రెండుతూర్లు సెప్తివి, గంటకే ఆరిన బోర్డు ఎత్తితివి సూడు, అప్పుడే అనుమానమొచ్చె. ఐదో తరగతి దంకా సదివినాలే అన్నా.”

“ఆరేండ్లనుంచి తెల్సునా నీకు?”

“తెల్సు. ఆ పొద్దు బోర్డు పీకి నీ మొకాన కొడదామనుకుంటి. గట్టు మీద కూసోని శానాసేపు తిట్టినా నిన్ను. మళ్ళ అనుకుంటి, ఈ రంగన్న స్వామి ముందరే ఇంత దొంగపని సేసినాడంటే, పేరు మీద శానా ఇష్టమే ఉండల్ల. ఉండనీలే అని.”

“మరి మొన్న స్వామి ఇచ్చిన పేరంటివే?”

“పదకొండు మంది సూస్తాంటే, రంగన్న ఇచ్చిన పేరనల్లనా? నిన్ను నమ్ముకోని ఎవురు ధైర్యంగా ఉంటారన్నా?” నవ్వింది. కానీ రొట్టె తడుతున్న చేయి వైపు చూసుకుని నవ్వు ఆపేసింది. “నాకు మాత్రం భయం లేదా? సెయ్యి వణికితే అంచు సీల్తాది. తొమ్మిది దినాలుగా నా సేతికి ఒక్క రొట్టె గుండ్రంగా రాలే. నువ్వు కొనుక్కపోయినవన్నీ అవే. వాళ్ళు తట్టిన మంచివి బళ్ళారికి పోవల్ల గదా.”

ఆమె భయం తొమ్మిది రోజులుగా మా ఇంట్లోనే పేరుకుని ఉంది. నేను జొన్నకు వంక పెట్టాను.

“స్వామి ఇచ్చింది కాదని తెల్సినప్పుడు, మార్సేస్తే పోతాది గదా?” అన్నాను.

“మంచె ఎక్కింది నేను. ఈ పేరు మింద ఆరేండ్లు పొయ్యి పొగ మింగింది నేను. వాడు సెప్పులిడిసి వచ్చినంత మాత్రాన దిగిపోతానా?” కొంగుతో మొహం తుడుచుకుంది. “నువ్వు మొకం అట్ల పెట్టద్దు గానీ, ఈ పేరు ఎప్పుడు రాసినావో యాడన్నా గుర్తుండాదా?”

అప్పుడు తల పైకెత్తి ఫ్లెక్సు వైపు చూశాను.

ఫ్లెక్సు కింద

నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. కింద ఈరమ్మ నిచ్చెన పట్టుకుని, “పడద్దన్నా, నీ కేసు కూడా నా మీదికే వస్తాది” అంటోంది. నాలుగు మేకులు పీకి ఫ్లెక్సు లాగితే రేకు బయటపడింది. మూడేళ్ళు ఎండా వానా తగలక నిన్న రాసినట్టుంది. ఎర్ర అక్షరాలు, పసుపు అంచు, మంచె మీద పాప. మూలన నా సంతకం, తేదీ.

నేను తిట్టుకున్న ఫ్లెక్సే నా సాక్ష్యాన్ని కాపాడింది. దానికి ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు.

ఎమ్మిగనూరులో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె ఏజెంటు కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇతను చూపిస్తున్నది దరఖాస్తు నంబరు మాత్రమే. పేరు ఇంకా వీళ్ళకు రిజిస్టర్ కాలేదు. రెండేళ్ళుగా వాడుతున్నామని రాసుకున్నారు. మీ రేకు ఆరేళ్ళది. ముందునుంచి వాడుకుంటున్నవాళ్ళను పేరు వదిలి పొమ్మనడం అంత తేలిక కాదు. బోర్డు ఫోటోలు, పాత కవర్లు, రాసినాయన ప్రమాణపత్రం తెండి. అభ్యంతరం వేద్దాం, మన దరఖాస్తూ వేద్దాం.”

ప్రమాణపత్రం అనగానే నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ప్రమాణాల విషయంలో నా చరిత్ర మీకు తెలుసు.

“పేరు ఎలా ఎంచుకున్నారు?” అని అడిగింది లాయరమ్మ, కలం పట్టుకుని.

“సీటీలేసినాం మేడం,” అంది ఈరమ్మ.

“ఏ చీటీ వచ్చింది?”

“అన్నిట్లోనూ ఇదే వచ్చె.”

లాయరమ్మ మా ఇద్దరి వైపూ కొంచెంసేపు చూసి, రాసుకోవడం మానేసింది.

అభ్యంతరం వేశాం. కొన్ని నెలలు తపాలా మనిషి సైకిల్ చప్పుడు వింటే చాలు, పొయ్యిల దగ్గర తట్టడం ఆగిపోయేది. చివరికి అవతలివాళ్ళు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారని లాయరమ్మ ఫోన్ చేసింది. ఆ కంపెనీ ఎవరిదో కూడా అప్పుడే తెలిసింది. ఏజెంటు బామ్మర్ది పేరున ఉన్న కంపెనీ అది. బజార్లో బాగా ఆడుతున్న కవర్లు చూసి, రిజిస్టర్ కాని పేర్లకు ముందుగా దరఖాస్తు పడేసి, తర్వాత చెప్పులు విడిచి లోపలికి వస్తాడన్నమాట. మాకంటే ముందు ఇద్దరు భయపడి సంతకాలు పెట్టేశారని విన్నాను. ఫ్లెక్సు కొట్టించినప్పుడు ఈరమ్మ ఆ రేకును పీకి పాత సామాన్లవాడికి వేసి ఉంటే?

పిల్లలూ, నేను చెప్పగలిగింది ఇంతే. ఫోన్లో వెతికి తెచ్చిన పేరు వద్దు, అది ఇంకొకరి గుమ్మం మీద ఉంటుంది. గిరాకీని ఎక్కడ పుట్టావు, ఏం చేశావు, దేనికి భయపడతావు అని అడగండి. మొదటిసారి గీసిన బొమ్మ మీద తేదీ వేసి దాచండి, అది చెత్తగా ఉన్నా సరే. పేరు ఖాయమైన వారంలోనే రిజిస్టర్ చేయించమని చెప్పండి. రేకు మీద రాస్తే చాలని చెప్పిన ముసలివాడి మాట వినకండి. చీటీలు మాత్రం గిరాకీ చేతే రాయించండి.

గోడ

ఇక మిగిలింది నా సొంత పని ఒకటి.

ఆ ఏజెంటు ఆఫీసు ఆదోనిలో ఒక మేడ మీద ఉంది. ఎదురుగా మూతపడిన జిన్నింగ్ మిల్లు ప్రహరీ గోడ, పొడుగ్గా, సున్నం రాలి. మిల్లు యజమాని నా పాత గిరాకీ. ‘లోపలికి రా’ అని చదివి మేకలు దూరింది ఆయన గేటులోంచే. గోడ అడిగితే ఇచ్చాడు.

గోడ పక్కన కర్రలతో పరంజా కట్టించుకుని నాలుగు రోజులు దాని మీదే కూర్చున్నాను. మంచె మీద కూర్చుని మంచె రాశాను. చేయి వణికింది. పెద్ద అక్షరాలకు వణుకు కనబడదు, అదొక సౌకర్యం. ఈసారి పాపను గీయలేదు. యాభై దాటిన ఆడమనిషిని గీశాను. కొంగు నడుముకు దోపుకుని, వడిసెల తల మీదుగా తిప్పుతోంది. గురి ఎటో తెలుసుకోవడానికి రోజుకు పదిసార్లు దిగి, రోడ్డు దాటి, మేడ మెట్లెక్కి, ఏజెంటు తలుపు ముందు నిలబడి చూసుకుని మళ్ళీ ఎక్కేవాణ్ణి. రాయి గురి సరిగ్గా ఆ తలుపు గడియకు కుదిరాక రంగు వేశాను.

నాలుగో రోజు అతను కిందికి వచ్చాడు. మర్యాద ఇంకా తగ్గలేదు.

“పెద్దాయనా, బాగుంది బొమ్మ. కాకపోతే ఆమె రాయి మా ఆఫీసు వైపే పెట్టినట్టుందే?”

“పిట్టలు యాడుంటే ఆడికి పెడ్తాది సార్,” అన్నాను. “నాదేముంది, రంగు పూసేవాణ్ణి.”

అతను నవ్వలేదు. మర్నాడు ఆ కిటికీకి మందపాటి కర్టెన్ వచ్చింది. కర్టెన్ కిటికీకే ఉంటుంది, తలుపు మాత్రం రోజూ తీయాల్సిందే.

మూలన సంతకం పెట్టి తేదీ వేశాక, ఈరమ్మను పిలుచుకొచ్చాను. బస్సు దిగి, రోడ్డు ఇవతల నిలబడి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. సంచిలోంచి రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. అంచులు చూశాను. చుట్టూ ఎక్కడా చీలిక లేదు.

“అంతా బాగుండాది గానీ,” అంది, “రాయి ఇడిసినట్టు గీయకపోతివేమన్నా? ఇంగా వడిసెల్లోనే ఉండాదే?”

“ఇడిస్తే ఒక్క పొద్దుతో అయిపోతాది ఈరమ్మా,” అన్నాను. “ఉండనీ. తలుపు తీసినప్పుడంతా ఇప్పుడొస్తాదా, ఇప్పుడొస్తాదా అని సూసుకుంటాడు.”